పదమూడు రూపాయల బేడ

మార్కాపురం, తర్లుపాడు రోడ్డు.
పలకల షెడ్డులో కరెంటు పోయాక
లాంతరు కింద నేనూ, ఒక గళ్ళ లెక్కా.

ఒంగోలు నుంచి వచ్చే కంప్యూటర్ టీచరు సుహాసిని మేడం
పోయిన శనివారం ఇచ్చింది.
నింపినవాళ్ళకు నెల ఫీజు మాఫీ.
నూట యాభై రూపాయలు.
అంటే నేను పదిహేను వందల చట్రాలు బిగించాలి.

కాగితాలు పాడుచేసే స్తోమత లేదు.
మూల పగిలి కంపెనీ వద్దన్న పలక ఒకటి తీసుకుని
దాని మీద గీశాను, ఆరు నిలువు, ఆరు అడ్డం.
అచ్చులో నల్లగడి నల్లగా కనపడుద్ది.
పలక మీద ఖాళీగడీ నల్లదే.
అందుకని రాయకూడని చోటల్లా ఇంటూ పెట్టుకున్నాను.

ఈ లెక్కలో తొమ్మిది తర్వాత పది రాదు.
ఎ వస్తుంది. ఆ వెనక బి, సి, డి, ఇ.
పదిహేనుకు ఎఫ్.
అప్పుడు గానీ ఒకటి పక్కన సున్నా కూర్చోదు.
నాకు తెలుసు, నోట్సులో ఉంది.
వేళ్ళకు తెలియదే!
ఒకటో తరగతి నుంచి మోసిన వేళ్ళు,
పది తగలగానే మూట తీసుకెళ్ళి
పక్కింట్లో దించేస్తాయి.
మూడు రాత్రులు తుడిచాను,
కొంగుతో కొన్నిసార్లు, విసుగొచ్చి ఉమ్మితో.

ఏడు అడ్డం. మూడు గడులు. వర్గసంఖ్య.
మొదటి రెండూ అక్షరాలే.
ఇది కొంతదూరం లాగాను.
ఈ పదహార్ల లోకంలో ఏ వర్గమైనా
సున్నా, ఒకటి, నాలుగు, తొమ్మిది,
ఈ నాలుగు గుమ్మాల్లోంచే బయటికొస్తుంది.
జల్లిస్తే మూడు మిగిలాయి.
ఎ ఎఫ్ 9
బి డి 1
సి బి 1
మధ్యగడి నుంచి కిందికి దిగేది ఎనిమిది నిలువు.
రెండే గడులు. పదిహేను గుణిజం.
కింద రెండు ముందే పడి ఉంది, పైన ఏముందో తెలీదు.
అక్కడ తెల్లారింది నా పని.

కిరసనాయిలు ఎంతుందో చూడ్డానికి వచ్చాడు
నాయబ్ రసూల్ తాత, షెడ్డు గుమాస్తా.
కంటికి పొర. పలకెత్తి
వాసన చూసేంత దగ్గరికి పెట్టుకున్నాడు.
'లెక్కలో ఇంగిలీసు అక్షరాలేందమ్మే?'
చెప్పాను. పదహారు కూడితేనే పెద్దది ఒకటి.
'అణాలేగా' అన్నాడు.

అణాలే.
మూడు రాత్రులు నా బుర్రకెక్కనిది
ఆయన దవడన తమలపాకులా నానుతోంది.
ఎనిమిది అర్ధరూపాయి. సి ముప్పావలా.
ఎఫ్, అణా తక్కువ రూపాయి.
'పదిహేనణాలు చేతిలో ఉన్నా
రూపాయుందని అనకూడదు మరి.'

పదిహేను గుణిజం, చివర రెండు, అన్నానో లేదో
కళ్ళు మూసుకుని,
ఎక్కంలా కాదు, హాజరుపట్టీ పిలిచినట్టు:
'పద్నాలుగు మందికి తలా పదిహేనణాలు.
పద్నాలుగు రూపాయల్లో పద్నాలుగణాలు తియ్యి.
పదమూడు రూపాయల బేడ.'

డి. రెండు.
పైనున్న డి పోయి బికీ ఒకటికీ మధ్య కూర్చుంది.
బి డి 1, యాభై అయిదు యాభై అయిదులు.
ఆ తర్వాత గడులు ఒకదాన్నొకటి లేపుకున్నాయి,
రైలు దిగాల్సిన స్టేషనొచ్చినట్టు.

'అంత టక్కున ఎట్టా తాతా?'

లాంతరు వత్తి కాస్త దించాడు.
'రోజుకూలి రూపాయి.
పగుళ్ళ కింద అణా కోత,
పలక పగిలినా పగలకపోయినా.
పద్నాలుగు మంది ఆడోళ్ళు. ఎప్పుడూ అదే మొత్తం.
నేను రాసేవాణ్ణి, వాళ్ళు వేలిముద్రలేసేవాళ్ళు.
మా అమ్మది ఆరోది.'

పలక ఇంకా ఆయన చేతిలోనే.
'ఆ మిగిలిన పద్నాలుగణాలు
మీ లెక్కలో ఏ గడిలో రాస్తారు?'

పద్నాలుగుకు ఇ, అని చెప్పబోయి ఊరుకున్నాను.
ఏం చెప్పాలో తోచక
ఇంటూ పెట్టిన గడులు చూపించాను.
వాటిల్లో ఒకదాని మీద బొటనవేలు ఆనించి
కాసేపు అట్లాగే నిలబడ్డాడు.

శనివారం మేడం పలక రెండుసార్లు సరిచూసింది.
అన్నీ బాగానే ఉన్నాయి గానీ
ఈ గడిలో వేలిముద్రేంటి, అంది.
లెక్కలోదే మేడం, అన్నాను.